వెనక సీటు మాటలు

మా ఆయన మంచి మాటకారి అంటే మా వాళ్ళెవరూ నమ్మరు. నమ్మకపోగా నవ్వుతారు. ఇంట్లో ఆయన బెల్లం కొట్టిన రాయి. అన్నం పెట్టనా అంటే "ఊఁ", ఉప్పు సరిపోయిందా అంటే "ఊఁ", ఇల్లు తగలబడుతోంది లేవండి అన్నా బహుశా "ఊఁ" అనే లేస్తారు. మా తమ్ముడు ఫోను చేసినప్పుడల్లా "రేడియో ఇంట్లోనే ఉందా అక్కా?" అని అడుగుతాడు. వాడు పెట్టిన పేరే అది. మా అమ్మాయిని చిన్నప్పుడు బళ్ళో ఎవరో మీ నాన్న గొంతు ఎలా ఉంటుందని అడిగితే, కాసేపు ఆలోచించి, "దగ్గులా ఉంటుంది" అని చెప్పిందట.

కానీ ఆయన మాట్లాడతారు. బండి మీద మాట్లాడతారు. ముందు ఆయన, వెనక నేను, మధ్యలో కూరగాయల సంచీ. ఇంజను దడదడ మొదలైతే చాలు, ఆయన నోటికి వేసిన తాళం ఊడిపోయేది. తల కొంచెం ఎడమవైపు తిప్పి, కళ్ళు రోడ్డు మీదే ఉంచి, ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉండేవారు. వాకిట్లో ఇంజను ఆపగానే మాటా ఆగిపోయేది. చెప్పేది సగంలో ఉన్నా సరే, మిగతా సగం మర్నాడే.

పెళ్ళయిన కొత్తలో నాకీ సంగతి తెలియదు. అప్పుడు మేం అత్తగారింట్లో ప్లైవుడ్ పలక అడ్డం పెట్టిన గదిలో ఉండేవాళ్ళం. పలకకి అవతల మా మరిది పక్క మీద దొర్లితే ఇవతల మా మంచం కదిలేది. ఆయన ఒక పెద్ద వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసే టర్నరు. నేను టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. రోజంతా చెవులకి హెడ్‌సెట్టు తగిలించుకుని, ఎవరెవరి మాటలో ఇంకెవరికో కలిపి ఇంటికొస్తే, నాతో మాట్లాడే దిక్కు లేదు. ఇష్టం లేని పిల్లని ఆయనకి కట్టబెట్టారేమో అనుకున్నాను. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చాను కూడా.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి బయటికొచ్చేసరికి ఎక్స్ఛేంజి గేటు పక్కన ఈయనా, ఒక పాత బండీ కనిపించారు. వర్క్‌షాపులో ఎవరో వదిలించుకుంటుంటే ఈయన తగిలించుకున్నారు. ఆకుపచ్చ ట్యాంకు, ఒకటే పెద్ద సిలిండరు, కిక్కు కొడితే మోకాలు పట్టేసే రకం. ఎక్కమన్నట్టు తల ఊపారు, ఎక్కాను. కలప అడితి దాటి, మిల్లు గోడ పక్కకి తిరిగాక, గాలిలోంచి ఒక గొంతు వినపడింది.

"నువ్వు నవ్వితే పన్ను మీద పన్ను కనిపిస్తుంది. చెయ్యి అడ్డం పెట్టుకుంటావేం? బావుంటుంది అది."

నేను పడబోయి ఆయన చొక్కా పట్టుకున్నాను. అన్నది ఇంకెవరోనేమోనని వెనక్కి తిరిగి కూడా చూశాను. ఆయన మాత్రం ఏమీ జరగనట్టు, ఆ రోజు ఇనప కడ్డీ ఎలా వంకరపోయిందో, ఫోర్‌మన్ ఎలా గంతులేశాడో చెప్పుకుపోతున్నారు. నేను ఆ వీపు వెనక నోరు మూసుకోకుండా నవ్వాను. ఇప్పటికీ ఆ మిల్లు గోడ తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

అప్పట్నుంచీ మా కాపురం సగం ఆ బండి మీదే సాగింది. వేరు కాపురం పెడదామన్న మాట వంతెన ఎక్కుతుండగా పుట్టింది, వంతెన దిగేసరికి ఏ వీధిలో ఇల్లు వెతకాలో కూడా తేలిపోయింది. అమ్మాయి పేరు రైల్వే గేటు దగ్గర ఖాయమైంది. గేటు పడితే అందరూ ఇంజన్లు ఆపేవాళ్ళు, నేను మాత్రం ఆపనిచ్చేదాన్ని కాదు. పెట్రోలు దండగని గొణుక్కుంటూనే ఆయన ఇంజను నడవనిచ్చేవారు, కథ కూడా నడిపేవారు. మా మీద అందరూ విసుక్కునేవాళ్ళు. విసుక్కుంటే విసుక్కోనీ, వాళ్ళ మొగుళ్ళు ఇంట్లో మాట్లాడతారు, వాళ్ళకేం.

మా నాన్న పోయిన రోజున డ్యూటీ మధ్యలో వచ్చి పిలిచారు. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. నన్నెక్కించుకుని, ఇంటి మలుపు తిప్పకుండా తిన్నగా ఊరి బయటి ఖాళీ రోడ్డు మీదికి పోనిచ్చారు. అక్కడ చెప్పారు, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే. నేను ఆయన వీపు మీద తల ఆనించి ఏడుస్తుంటే, ఏడుపు తగ్గేదాకా ఆ రోడ్డు మీదే అటూ ఇటూ తిప్పారు. అమ్మ దగ్గరికి వెళ్ళేసరికి అమ్మని పట్టుకునే ఓపిక నాకొచ్చింది. అలాంటి మనిషిని రేడియో అంటే నాకెంత కోపం వస్తుందో మా తమ్ముడికి తెలియదు.

దీనికంతటికీ నాకు నేనే ఒక కారణం చెప్పుకున్నాను. పగలంతా లేత్ మిషన్ల మోతలో బతికే మనిషి కదా, చుట్టూ చప్పుడు లేకపోతే నోరు పెగలదు అని. ఒకసారి పరీక్ష కూడా పెట్టాను. మిక్సీలో ఏమీ వెయ్యకుండా తిప్పి, "ఊఁ, చెప్పండి" అన్నాను. ఆయన నన్నూ మిక్సీనీ మార్చి మార్చి చూసి, స్విచ్చి కట్టేసి, "కాలిపోతుంది" అని వెళ్ళిపోయారు.

ఎక్స్ఛేంజిలో పాత బోర్డులు పీకేశారు, నేను రిటైరయ్యాను, ఆ తర్వాత ఆయనా అయ్యారు. బండి మాత్రం అలాగే ఉంది, దాని మీద మా మాటలూ అలాగే ఉన్నాయి. పని లేకపోయినా సాయంత్రం అలా ఒక చుట్టు తిరిగొచ్చేవాళ్ళం. ఇంతలో నా నడుము పోయింది. వెన్నులో డిస్కు జారి నరం మీద పడింది. ఆపరేషనుకి ముందు డాక్టరు మా ఇద్దర్నీ కూచోబెట్టి, కాళ్ళు మళ్ళీ మామూలుగా పనిచేస్తాయని గట్టిగా చెప్పలేనన్నాడు. నేను ఈయన వైపు చూశాను. "ఊఁ" అన్నారు. ఆ ఒక్క "ఊఁ" పట్టుకుని నేను లోపలికెళ్ళాను.

కాళ్ళు పనిచేశాయి. నడుముకి బెల్టు కట్టుకుని నా పనులు నేను చేసుకుంటున్నాను. కానీ డాక్టరు చివర్లో, అదేదో చిన్న విషయమైనట్టు, "బండి వెనక సీటు మాత్రం ఇక మర్చిపోండమ్మా. గుంతలో ఒక్క కుదుపు చాలు" అన్నాడు. ఈయన బండికి గుడ్డ కప్పి వసారాలో ఓ మూలకి తోసేశారు. ఎటైనా వెళ్ళాలంటే అద్దె కారు. పక్కపక్కనే కూచుని చెరో కిటికీలోంచి చూసుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను, "నన్ను ఆపరేషనుకి తీసుకెళ్ళాక మీరేం చేశారండీ?" అని.

"ఏముంది, కూచున్నా" అన్నారు.

అంతే. అది నాకు ముల్లులా దిగింది. బతుకుతానో, మంచాన పడతానో తెలియని రోజున ఈ మనిషి మనసులో ఏముందో నాకు తెలియాలి. బండెక్కితే చెబుతారు, నాకు తెలుసు. వంతెన దాకా అక్కర్లేదు, మిల్లు గోడ దాకా వెళ్తే చాలు, అన్నీ చెబుతారు. ఆ బండేమో ఇక ఎక్కకూడదు. నడుము నొప్పి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు.

ఒక ఉదయం లేచి చూస్తే వసారాలో గుడ్డ తీసేసి ఉంది. మా ఆయన లుంగీ పైకి కట్టి బండి ముందు గొంతుక్కూచున్నారు. మా తమ్ముడు పక్కన నిలబడి టీ తాగుతున్నాడు. వాడు గేట్లూ కిటికీ గ్రిల్సూ చేసే వెల్డరు, వాడి దుకాణంలో ఎప్పుడూ రద్దీ. అలాంటివాడు పొద్దున్నే మా ఇంట్లో ఉన్నాడంటే ఏదో ఉందన్నమాటే.

"అమ్మేస్తున్నారా?" అన్నాను.

"లేదక్కా. బావా నేనూ దీన్ని కొత్తగా చెయ్యబోతున్నాం. చూస్తావుగా!" అన్నాడు తమ్ముడు. మా ఆయన "ఊఁ" అన్నారు.

ఇక ఇల్లు ఇల్లులా లేదు. వసారా చాలక ముందుగది కూడా ఆక్రమించారు. పాత పేపర్లు పరిచి బండిని ఏ కీలుకా కీలు విప్పేశారు. ట్యాంకు సోఫా మీద, హెడ్‌లైటు టీవీ పక్కన, గొలుసు నా పూలకుండీ మీద. ఇంజను దింపి బల్ల మీద పెట్టారు. నేను పప్పు వండే గిన్నెలో కిరసనాయిలు పోసి కార్బొరేటరు నానబెట్టారు. ఆ గిన్నె నాది అని నేను అరిచి గీపెట్టాక కొత్త గిన్నె తెచ్చి ఇచ్చారు గానీ, నా పళ్ళు తోముకునే బ్రష్షు సంగతి మాత్రం ఆలస్యంగా తెలిసింది. దాంతో సిలిండరు రెక్కల మధ్య మసి గీకుతుంటే ఎక్కడో చూసిన బ్రష్షులా ఉందే అనుకున్నాను.

నేను వీపు నిటారుగా ఉండే కుర్చీలో కూచుని ఇదంతా చూసేదాన్ని. తిట్టేదాన్ని కూడా. కానీ నిజం చెప్పొద్దూ, చూడ్డం బావుండేది. ఒక్కో ముక్క బయటికొస్తుంటే ఒక్కో ఏడాది బయటికొచ్చినట్టుండేది. ట్యాంకు మీద సొట్ట, వానలో ఇద్దరం జారిపడ్డప్పటిది. ఆ రోజు మోచేతులు చెక్కుకుపోయి, బురదలో కూచుని, ఎవరు ముందు నవ్వారో గానీ ఆపుకోలేకపోయాం. వెనక సీటు చివర ఇనప పిడి నా చెయ్యి రాసుకుని రాసుకుని మెరుస్తోంది. నేను కాళ్ళు పెట్టుకునే రబ్బరు నా చెప్పుల కింద అరిగి ఒక పక్కకి ఏటవాలుగా తయారైంది. ఆయన దాన్ని వేళ్ళతో ఒకసారి తడిమి, పడెయ్యకుండా గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. నేను చూడలేదనుకున్నారు.

పనిలో దిగితే ఆయన చేతులు వేరే మనిషి చేతుల్లా ఉంటాయి. అరిగిన బుష్షుల బదులు కొత్తవి పాత వర్క్‌షాపు నేస్తం లేత్ మీద స్వయంగా చేసి తెచ్చారు. గరుకు కాగితం చుట్టుకుని ట్యాంకు రంగు పొరలు పొరలుగా దింపారు. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఎర్రమట్టి రంగు. మా ముందువాళ్ళు ఎవరో నీలం రంగు బండి మీద తిరిగారన్నమాట. వాళ్ళూ మాట్లాడుకునేవాళ్ళా? నాకెందుకో ఈర్ష్యలాంటిది కలిగింది.

అంతా బానే ఉంది గానీ, ఒక మధ్యాహ్నం మా తమ్ముడు ఫ్రేము వెనక భాగం మీద సుద్దతో గీత గీసి, గ్రైండరు తిప్పి నిప్పులు చిమ్ముతూ కోసెయ్యడం మొదలుపెట్టాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"ఒరే, ఆగరా! అది నా సీటు కదరా!"

వాడు నల్లద్దాలు పైకెత్తి నవ్వాడు. "ఇప్పుడంతా సింగిల్ సీటే అక్కా. కుర్రాళ్ళంతా ఇలాగే చేయించుకుంటున్నారు. స్టైలు!"

"మీరేమంటారు?" అన్నాను ఈయన వైపు తిరిగి.

"కొయ్యనీ" అన్నారు.

కోసిన ఇనప ముక్క నేల మీద ఠంగుమని పడింది. నేను లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. నేను ఎక్కకూడదని తెలుసు. కానీ ఎక్కకపోవడం వేరు, నా చోటే లేకుండా చెయ్యడం వేరు. ఒక్కరే తిరుగుతారన్నమాట. తిరగనీ. ఎవరితో మాట్లాడతారో చూస్తాను. ఆ వారమంతా మా ఇంట్లో కూరలకి రుచి లేదు, అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు.

తర్వాత వసారాలోకి పొడుగు ఇనప గొట్టాలొచ్చాయి. వాటిలో ఇసుక కూరి, మంటతో ఎర్రగా కాల్చి, మెల్లగా వంచారు. ఇసుక లేకపోతే గొట్టం వంపు దగ్గర నొక్కుకుపోతుందట. వంచినవన్నీ అతికిస్తే ఉయ్యాల తొట్టిలాంటి ఆకారం వచ్చింది. దానికి రేకు తొడిగారు. పక్కన ఒక చక్రం, కింద ఒక స్ప్రింగు. కూరగాయలు తెచ్చుకోవడానికి కాబోలు అనుకుని నేను అటు చూడ్డం కూడా మానేశాను.

"ఇదిగో" అని పిలిచారు ఒకరోజు. "నీ బరువెంత?"

ఇన్నేళ్ళ కాపురంలో అడగని ప్రశ్న అది. "ఎందుకు? అమ్మడానికా?" అన్నాను.

మా తమ్ముడు పగలబడి నవ్వాడు. "నీ కోసమే అక్కా ఇదంతా! బండి పక్కన తగిలించే తొట్టి ఇది, సైడ్ కార్. నువ్వు ఇందులో రాణీగారిలా కూచోవాలి. కుదుపు రాకుండా స్ప్రింగు నీ బరువుకి సరిపడా ఉండాలని బావ ప్రాణం తీస్తున్నాడు. వెనక సీటు కూడా బావే కోసెయ్యమన్నాడు. అది ఉంటే నువ్వు డాక్టరు మాట వినవని."

నేనేం చెప్పగలను? బరువు చెప్పాను. రెండు కిలోలు తగ్గించి చెప్పాను. తర్వాత స్ప్రింగు పాడవుతుందేమోనని భయపడి నిజం చెప్పాను. ఆయన చెక్క పలక మీద నన్ను కూచోబెట్టి, నా వెన్ను ఎక్కడ వంగుతుందో పెన్సిలుతో గీసుకుని, సరిగ్గా ఆ వంపుకే దూది దిండు కుట్టించారు. ఎక్కడానికి మెట్టులా నా అరిగిన రబ్బరే బిగించారు. బిగిస్తున్నప్పుడు నా వైపు చూడలేదు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఇక వంతెన ఎక్కుతాం, మిల్లు గోడ దాటతాం, ఆయన మాట్లాడతారు, నేను అడగాల్సింది అడుగుతాను. రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

తొట్టి తగిలించడం అన్నిటికంటే కష్టమైన పని అని తెలిసింది. చక్రాల పక్కన పొడుగాటి చెక్కలు పెట్టి, తొట్టి చక్రం ముందువైపు ఒక్క వేలి మందం లోపలికి తిరిగేలా సర్దారు. అలా లేకపోతే బండి పక్కకి లాగేస్తుందట. తొట్టిలో ఇసుక బస్తా వేసుకుని ఆయన వీధుల్లో తోలడం నేర్చుకున్నారు. ఇన్నేళ్ళు తోలిన మనిషి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నారు. యాక్సిలరేటరు ఇస్తే ఎడమకి పోతుంది, బ్రేకు వేస్తే కుడికి పోతుంది. మా తమ్ముడు ఆ బస్తాకి నా పేరే పెట్టాడు. "అక్కని ఎక్కించావా బావా? అక్క ఒరిగిపోయింది చూడు!" అని వీధంతా వినపడేలా అరిచేవాడు. వాడి ముచ్చట కొద్దీ ఒక పొట్టి సైలెన్సరు కూడా పెట్టాడు. చప్పుడు గుండెల్లో దడదడలాడాలట, అప్పుడే పాత బండి పౌరుషం తెలుస్తుందట. ఇద్దరూ ఇనుము గురించి ఆలోచించారు, స్ప్రింగు గురించి ఆలోచించారు, నా వెన్ను గురించి డాక్టరు కంటే ఎక్కువ ఆలోచించారు. మాటల గురించి ఆలోచించాల్సింది నేను. నాకూ తట్టలేదు.

మొదటి ప్రయాణం ఆదివారం ఉదయం. ట్యాంకుకి మళ్ళీ ఆకుపచ్చ రంగే వేయించారు. పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకొచ్చి చూశారు. నేను బెల్టు బిగించుకుని, హెల్మెట్టు పెట్టుకుని, మెట్టు మీద కాలేసి ఎక్కి కూచున్నాను. వెన్ను దిండులో ఒదిగిపోయింది, అబద్ధమెందుకు, ఇంట్లో కుర్చీకి కూడా ఆ సుఖం లేదు. ఆయన కిక్కు కొట్టారు. వీధి దాటేదాకా నా నవ్వు నాకే ఆగలేదు.

పెద్ద రోడ్డెక్కాక అడిగాను, "ఏమండీ! ఆ రోజు ఆస్పత్రిలో మీరు..."

దడదడదడ. పొట్టి సైలెన్సరు నా మాటని నోట్లోనే చిదిమేసింది. మళ్ళీ అరిచాను. ఆయన చెవి దగ్గర చెయ్యి ఊపి, వినపడలేదన్నట్టు తల అడ్డంగా తిప్పి, మళ్ళీ రోడ్డు చూసుకున్నారు. నా తల ఆయన మోకాలి ఎత్తున ఉంది. ఆయన చెవి ఎక్కడో పైన ఉంది.

కలప అడితి ఉన్నచోట ఇప్పుడు ఫర్నిచరు దుకాణం. అది దాటాం. మిల్లు గోడ పక్కకి తిరిగాం. అప్పుడు తలెత్తి చూశాను. ఆయన గడ్డం కింద హెల్మెట్టు పట్టీ కదులుతోంది. మొదట కుదుపుకేమో అనుకున్నాను. కాదు. పెదాలు కదులుతున్నాయి. తల కొంచెం ఎడమవైపు తిరిగి ఉంది, కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి. ఆయన మాట్లాడుతున్నారు. అలవాటు ప్రకారం భుజం మీదుగా వెనక్కి మాట్లాడుతున్నారు. వెనక సీటు లేదు, సీటు మీద నేను లేను. మాటలన్నీ నా తల మీంచి ఎగిరి వెళ్ళిపోతున్నాయి, ఒక్కటీ నాకు అందడం లేదు. అంత దిగులు నాకు ఆపరేషను బల్ల మీద కూడా కలగలేదు.

వంతెన మొదట్లో తొట్టి రేకు మీద దబదబా కొట్టాను. కంగారుగా పక్కకి తీసి ఆపారు. "నడుమా?" అన్నారు.

"నడుం బానే ఉంది. ఏం చెబుతున్నారు మీరు ఇందాకట్నుంచీ?"

ఆయన నా ముఖంలోకి చూశారు. నోరు తెరిచారు. నేను చూస్తుండగానే ఆ నోరు మూతపడింది. "ఏం లేదు. దిండు బావుందా?"

"దిండు సంగతి కాదు! చెప్పండి. ఇంజను వెయ్యండి, ఇక్కడే ఉండి మోతలోనే చెప్పండి. దగ్గరికి వచ్చి వింటాను."

ఇంజను వేశారు. నేను లేచి నిలబడి, హ్యాండిలు పట్టుకుని, ఆయన ముఖానికి ముఖం పెట్టి చూశాను. కావలసినంత మోత ఉంది. ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నారు, ట్యాంకు వైపు చూశారు, అంతే. అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ నేను ఇంజనుకిచ్చిన ఘనత ఇంజనుది కాదు. ఆయన నోరు కట్టేసేది నిశ్శబ్దం కాదు, నా మొహం.

"అంత భయంకరంగా ఉంటానా నేను?" అన్నాను. అనకూడని మాటే, వచ్చేసింది. ఆయన ముఖం చిన్నబోయింది. బండి వెనక్కి తిప్పారు. దారిలో ఆయన గడ్డం కింద పట్టీ కదల్లేదు.

ఇంటికొచ్చి, హెల్మెట్టు సోఫా మీదికి విసిరి, ముందుగదిలో నా కుర్చీలో కూచున్నాను. అంత శ్రమపడి, అంత ప్రేమగా చేసిపెట్టిన మనిషి మీద కోపం తెచ్చుకున్నానని ఏడుపు, తెచ్చుకోకుండా ఉండలేకపోయానని కోపం. ఆయన బయట చాలాసేపు బండి తుడిచారు. తుడవడానికేముంది, కొత్త బండి. తర్వాత లోపలికొచ్చారు. నా ముఖం చూశారు. గది మధ్యలో నిలబడిపోయారు.

మూలనున్న ముక్కాలి పీట తెచ్చి నా కుర్చీ ముందు వేశారు. దాని మీద కూచున్నారు, కానీ నా వైపు కాదు. గోడ వైపు తిరిగి, వీపు నాకు పెట్టి కూచున్నారు. నేను తెల్లబోయాను. వాకిట్లో బండి ఆగి ఉంది. ఇంట్లో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.

తల కొంచెం ఎడమవైపు తిప్పారు.

"నీ మొహం చూస్తే, నేననే ప్రతి మాటకీ నీకేమనిపిస్తోందో కనిపిస్తుంది. బాధపెట్టానేమో, తప్పుగా అన్నానేమో అని అక్కడే ఆగిపోతాను. మొదట్నుంచీ అంతే. నీ మొహం బాలేక కాదు."

నేను ఊపిరి బిగబట్టి కూచున్నాను. కదిలితే ఆగిపోతుందేమోనని.

"నన్నడిగావుగా, ఆ రోజు ఏం చేశానని. కూచున్నానన్నా. నిజంగానే కూచున్నా. ఆస్పత్రి వరండాలో కాదు, కిందికెళ్ళి బండి మీద కూచున్నా. స్టాండు వేసే ఉంది. ముందు భాగంలో కూచుని, వెనక నువ్వున్నావనుకుని మాట్లాడా. వాచ్‌మన్ రెండు సార్లొచ్చి చూసి వెళ్ళాడు, పిచ్చివాడనుకునుంటాడు. కాళ్ళు పోయినా ఫర్వాలేదు, నువ్వు బయటికి రా చాలు, పక్కన కూచోబెట్టుకుని తిప్పుతానని చెప్పా. ఎలా తిప్పుతారు అని నువ్వు అడిగినట్టనిపించింది. అప్పుడే అనుకున్నా ఈ తొట్టి సంగతి. అక్కడే, దుమ్ములో వేలితో గీసి కూడా చూసుకున్నా. చక్రం ఎక్కడ పెట్టాలో తోచక..."

నేను చూడగలిగింది ఆ వీపు, మెడ మీద నెరిసిన వెంట్రుకలు, కాలరుకి అంటిన గ్రీజు మరక. నేను ఏడుస్తున్నానని ఆయనకి తెలియకూడదని చప్పుడు లేకుండా ఏడ్చాను.

"ఇవాళ కూడా అదే చెబుతున్నా మిల్లు గోడ దగ్గర" అన్నారు. "నీకు వినపడట్లేదని తెలిసింది. అయినా ఆపబుద్ధి కాలేదు. చాలా కాలమైందిగా."

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు గుమ్మంలోకొచ్చాడు, తొట్టి ఎలా ఉందో అడుగుదామని. లోపల నేనూ, నాకు వీపు పెట్టి గోడకి ఎదురుగా మా ఆయనా.

"ఏమైందక్కా? గొడవపడ్డారా? బావ అటు తిరిగి కూచున్నాడేం?"

మా ఆయన కంగారుగా ఇటు తిరగబోయారు. నేను కుర్చీలోంచి ముందుకి వంగి రెండు భుజాలూ గట్టిగా పట్టుకున్నాను.

"ఇటు తిరక్కండి" అన్నాను. "వాడి సంగతి వదిలెయ్యండి. చెప్పండి, చక్రం ఎక్కడ పెడదామనుకున్నారు?"